ముందు నీళ్లు... ఆ తర్వాతే బోటు

రెండు డీజిల్ ఇంజిన్లు, ముందువైపు అద్దాల సరంగు గది, లోపల ఓ కుటుంబం పడుకునే చోటు. దివిసీమ పాయల్లో రెండు మూడు రోజులు హాయిగా గడపాలంటే ఎలాంటి బోటు కావాలి? కేటలాగు తెరవకముందే కృష్ణమ్మను అడగాల్సిన ప్రశ్నలు ఇవి.

పామర్రు సెంటర్లో నిలబడితే దారులు నాలుగు వైపులా విడిపోతాయి. ఒకటి బెజవాడకి, ఒకటి బందరుకి, ఒకటి గుడివాడ మీదుగా భీమవరం వైపు, ఇంకొకటి కూచిపూడి, చల్లపల్లి మీదుగా దివిసీమకి. బందరు దారి పట్టినా, చల్లపల్లి దారి పట్టినా చివరికి చేరేది నీళ్ల ఒడ్డుకే. ఈ చుట్టుపక్కల ట్రాక్టరు కొంటానంటే సలహా చెప్పేవాళ్లు వీధి వీధికీ ఉన్నారు. రొయ్యల చెరువుకి ఏరియేటర్లు కొనాలన్నా, వరికోత మిషన్ కొనాలన్నా అనుభవజ్ఞులకు కొదవలేదు. విహార బోటు విషయానికొచ్చేసరికి చెప్పేవాళ్లు దొరకరు. దొరికిన సలహాలు కూడా సోఫాలు, లైట్లు, ఏసీల దగ్గరే ఆగిపోతాయి.

అడిగేవాళ్లు మాత్రం పెరుగుతున్నారు. రిసార్టు పెడదామనుకునేవాళ్లు, నదీ పర్యాటకం మీద పెట్టుబడి పెట్టేవాళ్లు, అమెరికాలో సియాటిల్ తీరాన సరంగు గదులున్న తెల్లని పైలట్‌హౌస్ యాట్లను చూసొచ్చి మన ఊళ్లోనూ అలాంటిదొకటి ఉంటే బాగుండునని ఆశపడేవాళ్లు. ఆశ మంచిదే. అయితే బోటును ఎంచుకోవాల్సింది దాని అందాన్ని బట్టి కాదు, అది తిరగబోయే నీళ్లను బట్టి.

మన నీళ్ల తీరు వేరు

ప్రకాశం బ్యారేజీకి పైన ఉన్న నీరు ఒక రకం, కింద ఉన్న నీరు మరో రకం. 1957లో పూర్తయిన బ్యారేజీ వెనక, భవానీ ద్వీపం చుట్టూ నీరు నిలకడగా ఉంటుంది. లోతు పెద్దగా మారదు. అక్కడ పెద్ద పర్యాటక బోట్లు నడుస్తాయి. బ్యారేజీ దిగువన ఆ భరోసా లేదు. వేసవిలో ఇసుక తిన్నెలు బయటపడతాయి. వరదొస్తే అదే నది కరకట్టలను ఒరుసుకుంటూ పోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం అందరికీ గుర్తుంది. ఆ వరదలో పైనుంచి కొట్టుకొచ్చిన బోట్లు బ్యారేజీ గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లను గుద్దిన దృశ్యాలనూ చూశాం. బోటు కొనేవారు మొదట వేసుకోవాల్సిన ప్రశ్న అక్కడే ఉంది: ఆగస్టు నుంచి అక్టోబరు దాకా దీన్ని ఎక్కడ కడతాం?

పులిగడ్డ దగ్గర కృష్ణ చీలి దివిసీమను చుట్టుకుంటుంది. ఒక పాయ హంసలదీవి వైపు వెళ్లి సముద్రంలో కలుస్తుంది. ప్రధాన పాయ నాగాయలంక దాటాక మళ్లీ చీలి ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ లాంటి దీవుల మధ్య నుంచి సాగుతుంది. అటూ ఇటూ మడ అడవులు. ఇక్కడ నీటిని శాసించేది చంద్రుడు. పోటుకి నీరు ఎక్కుతుంది, పాటుకి దిగుతుంది. తేడా పెద్దదేమీ కాదు, అమావాస్య పౌర్ణములకైనా సుమారు మీటరున్నర లోపే. కానీ నాలుగడుగుల నీరున్న పాయలో అరమీటరు తగ్గినా బోటు అడుగు ఇసుకకి తగులుతుంది.

అన్నిటికన్నా కష్టమైన చోటు మొగ. నది సముద్రంలో కలిసే చోట అడ్డంగా ఇసుక మేట వేస్తుంది. ప్రతి వరదకీ, ప్రతి తుపానుకీ ఆ మేట జరుగుతుంది. నిరుడు దారి ఉన్నచోట ఈ ఏడు కెరటాలు విరుగుతాయి. బందరు దగ్గరి గిలకలదిండి హార్బరు నుంచి వేటకెళ్లే బోట్లకి ఇది పాత బాధే. పోటు కోసం కాచుకుని బయటకెళ్లడం, పోటు చూసుకుని లోపలికి రావడం అక్కడి దినచర్య.

ఈ లోతు తక్కువ తీరం మన చరిత్రనే మలిచింది. డచ్చి, ఇంగ్లీషు ఓడలు బందరుకి వచ్చిన రోజుల్లోనూ ఒడ్డుదాకా రాలేక మైళ్ల దూరంలో లంగరు వేసేవి. సరుకూ మనుషులూ చిన్న పడవల్లోనే ఒడ్డుకి చేరేవారు. కోరమాండల్ తీరంలో అలల్ని దాటడానికి వాడిన మసూలా పడవకి మేకులుండేవి కావు, పలకల్ని కొబ్బరి తాళ్లతో కుట్టేవారు. ఇసుకకి తగిలినా, అల బలంగా కొట్టినా పగలకుండా కాస్త వంగి సర్దుకునేది. మరోవైపు, 17వ శతాబ్దంలో నరసాపురం ఓడల రేవులో సముద్రయానానికి పెద్ద ఓడలే కట్టేవారు. నీటికి తగ్గ పడవ అన్న సూత్రం మనకు కొత్త కాదు.

అందుకే మొదటి కొలత పొడవు కాదు, మునక. నీటిలో బోటు ఎంత లోతు మునుగుతుందన్నదే ఇక్కడ అసలు లెక్క. ప్రపంచమంతా మెచ్చే గ్రాండ్ బ్యాంక్స్ 42 నాలుగడుగులకు పైగా మునుగుతుంది. మహాసముద్రాలు దాటే నార్ధావ్‌న్ 47కి ఆరడుగుల దాకా కావాలి. 2023లో వారణాసి నుంచి దిబ్రూగఢ్ వెళ్లిన గంగా విలాస్ 62 మీటర్ల పొడవున్నా 1.4 మీటర్లే మునుగుతుంది. అదీ బిహార్‌లో ఛప్రా దగ్గర నది మధ్యే లంగరు వేసి, ప్రయాణికుల్ని చిన్న బోట్లలో ఒడ్డుకి పంపాల్సి వచ్చింది. దివిసీమ పాయల్లో తిరిగే బోటుకి మునక మూడడుగులు మించకూడదు. రెండున్నర అడుగులైతే మరీ మంచిది.

చేపల బోటే దీనికి తల్లి

పైలట్‌హౌస్ యాట్ అనగానే కోటీశ్వరుల ఆటవస్తువు అనిపిస్తుంది. దాని పుట్టుక మాత్రం చేపల రేవులోనే. అమెరికాలో ఆర్ట్ డిఫీవర్ అనే డిజైనర్ ట్యూనా వేట బోట్లు గీస్తూ గీస్తూ, అదే గట్టిదనంతో విహార బోట్లు గీశారు. అమెరికా నౌకాదళ అధికారి రాబర్ట్ బీబీ 1963లో ‘ప్యాసేజ్‌మేకర్’ అనే బోటు కట్టించుకుని మహాసముద్రాలు దాటారు. 1975లో ఆయన రాసిన ‘వోయేజింగ్ అండర్ పవర్’ ఈ రంగంలో నేటికీ ప్రామాణిక గ్రంథం. గ్రాండ్ బ్యాంక్స్ బోట్లు అదే 60వ దశకంలో హాంకాంగ్‌లో మొదలై, తర్వాత సింగపూర్‌లో తయారయ్యాయి. ఇలాంటి వాటిని ‘ట్రాలర్ యాట్’ అని పిలవడం వెనక ఉన్నది ఈ వంశవృక్షమే: నెమ్మదిగా నడవడం, తక్కువ డీజిల్ తాగడం, ఎండకీ వానకీ సరంగుకు గూడు ఉండటం.

గిలకలదిండి రేవులో కట్టి ఉన్న మరబోట్లలోనూ ఈ గుణాలన్నీ కనిపిస్తాయి. గట్టి ముక్కు, డీజిల్ ఇంజిను, సరంగుకో గది. కనుక మనకి కావలసిన జ్ఞానంలో సగం ఇక్కడే, మన మత్స్యకారుల దగ్గరే ఉంది. బోటు చూడటానికి ఏ ఊరెళ్లినా, ఈ మొగల్లో ఏళ్ల తరబడి చుక్కాని పట్టిన సరంగునొకరిని వెంట తీసుకెళ్లండి. ఆయన చూపు సోఫా మీద పడదు, అడుగు మీద పడుతుంది.

ఒకటా... రెండా?

రాబర్ట్ బీబీ మహాసముద్రం దాటింది ఒక్క ఇంజినుతోనే. లోతైన వెన్నుకొయ్య మాటున ఒకే పెద్ద పంకా (ప్రొపెల్లర్) ఉంటే దానికి దెబ్బ తగలదని, ఖర్చూ తక్కువని ఆయన వాదం. సముద్రం మధ్యలో అది నిజం. మన పాయల్లో లెక్క మారుతుంది. ఒకే పెద్ద పంకాకి లోతు ఎక్కువ కావాలి. అదే శక్తిని రెండు చిన్న పంకాలకి పంచితే మునక తగ్గుతుంది. బోటు అడుగున రెండు గూళ్లు తీసి వాటిలో పంకాల్ని అమరిస్తే ఇంకా తగ్గుతుంది. రెండు ఇంజిన్లు కావాలనడానికి ఇది మొదటి కారణం.

రెండోది భద్రత. మొగ దాటుతున్న ఐదు పది నిమిషాల్లో ఇంజిను ఆగితే బోటు కెరటాలకి అడ్డం తిరుగుతుంది. లంగరు వేసే వ్యవధి కూడా ఉండదు. తెగిన వల ముక్కో, నైలాను తాడో ఒక పంకాకి చుట్టుకున్నా రెండోది ఒడ్డుకి చేరుస్తుంది. మూడోది మలుపు. ఒక ఇంజిన్ని ముందుకి, ఇంకోదాన్ని వెనక్కి తిప్పితే ఉన్నచోటే బోటు తిరుగుతుంది. ఇరుకు పాయలో, గాలి తోస్తున్న రేవులో ఇది పెద్ద వరం.

అయితే రెండు ఇంజిన్లున్నాయన్న ధీమా చాలదు. రెండిటికీ ఒకే ట్యాంకు నుంచి డీజిల్ వస్తుంటే, ఆ ట్యాంకులో నీరు చేరిన రోజు రెండూ ఒకేసారి ఆగుతాయి. మన ఉక్కబోత వాతావరణంలో సగం నిండిన ట్యాంకు లోపలి గోడలకి చెమట పట్టి నీరు దిగడం మామూలే. అందుకే దేని ట్యాంకు దానికి, దేని బ్యాటరీ దానికి ఉండాలి. నీటిని వేరుచేసే ఫిల్టర్లు జంటగా ఉండాలి, ఒకటి మూసుకుపోతే ఇంజిను ఆపకుండానే రెండోదానికి మార్చుకునేలా.

చల్లబరిచే పద్ధతి కూడా చూడాలి. చాలా విదేశీ బోట్లు బయటి నీటిని లోపలికి లాగి ఇంజిన్ని చల్లబరుస్తాయి. మన నదిలో ఆ నీటితోపాటు ఒండ్రు, ప్లాస్టిక్ సంచులు, గుర్రపుడెక్క కూడా వస్తాయి. జాలీ మూసుకుపోతే ఇంజిను వేడెక్కి ఆగుతుంది. బోటు అడుగున గాడిలో అమర్చిన గొట్టాల ద్వారా, బయటి నీరు లోపలికి రాకుండా చల్లబరిచే ‘కీల్ కూలింగ్’ మనకి మేలు. అది కుదరకపోతే, ప్రయాణం మధ్యలోనే తెరిచి శుభ్రం చేయగలిగే పెద్ద జాలీలైనా ఉండాలి.

ఇక ఎంత శక్తి? నీటిని తోసుకుంటూ నడిచే బోటుకి పొడవే వేగాన్ని నిర్ణయిస్తుంది. నీటి మట్టం దగ్గర 36 అడుగులున్న బోటు గంటకి 15 కిలోమీటర్ల దాకా సునాయాసంగా వెళ్తుంది. దానికి 50 హార్స్‌పవర్ చాలు, గంటకి సుమారు 10 లీటర్ల డీజిల్. అదే బోటుని రెట్టింపు వేగంతో పరిగెత్తించాలంటే శక్తి ఐదారు రెట్లు కావాలి, డీజిలూ అంతే. పైగా ఆ వేగానికి లేచే అల మడ అడవుల గట్లను కోసేస్తుంది, చిన్న పడవల్ని తిప్పేస్తుంది. కాబట్టి 60 నుంచి 80 హార్స్‌పవర్ మధ్య రెండు ఇంజిన్లు మనకి చాలినంత. ఏ కంపెనీదైనా, విజయవాడ ఆటోనగర్లో విడిభాగాలు దొరికేదై ఉండాలి. నాగాయలంకలో ఆగిపోయిన ఇంజినుకి సింగపూర్ నుంచి పార్టు రావాలంటే సీజనంతా పోతుంది.

సరంగు గదిలో ఒక ఉదయం

పాటు మొదలైన వేళ పాయలో బోటు నడపడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ముందు ఎక్కడా గుర్తుల్లేవు. నీటి మీద చిన్న చిన్న ముడతలు కనిపించిన చోట అడుగున ఇసుక ఉంది. నున్నగా, ముదురు రంగులో ఉన్నచోట లోతుంది. ఎడమన వల కట్టిన కర్రలు, కుడిన తేలుతున్న బెండ్లు. ఎదురుగా పొద్దు నీటిమీద మెరిసి కళ్లలో కొడుతోంది. సరంగు చూపంతా బోటు ముక్కుకి ఇరవై గజాల ముందే ఉండాలి.

అలాంటప్పుడు తెలుస్తుంది పైలట్‌హౌస్ విలువ. దాని ముందు అద్దాలు కింద కంటే పైన ముందుకి వాలి ఉంటే, వానచుక్క నిలవదు, లోపలి వెలుగు ప్రతిబింబించదు. సరంగు కూర్చుంటే ముక్కు కొసా, దాని ముందు నీరూ కనపడాలి. వెనక్కి చూడటానికీ దారుండాలి. రెండువైపులా తలుపులుండాలి. రేవుకి ఆనించేటప్పుడు బయటికి ఒక్క అడుగేసి, తాడు విసిరి, మళ్లీ చుక్కాని అందుకోగలగాలి. లోతు చూపే ఎకో సౌండర్, జీపీఎస్, వీహెచ్ఎఫ్ రేడియో చేతికందే దూరంలో ఉండాలి. రాత్రి పూట లోపల ఎర్రటి మసక దీపమే వాడాలి, లేకపోతే చీకటికి అలవాటుపడ్డ కన్ను బెదురుతుంది.

సియాటిల్ లాంటి చోట్ల పైలట్‌హౌస్ పుట్టింది చలికీ వానకీ, నీటిలో తేలే దుంగల్ని కనిపెట్టడానికీ. మనకి అది ఎండకీ, ఉప్పుగాలికీ, వలలకీ అవసరం. అలసిన సరంగు తప్పు చేస్తాడు. ఆయన సుఖంగా ఉంటేనే లోపలున్న కుటుంబం క్షేమంగా ఉంటుంది.

హాయి అంటే ఇవీ

నీటి మీద హాయిని మొదట చెడగొట్టేది ఊపు. రెండోది చప్పుడు. మూడోది వేడి. బరువంతా కిందే ఉంటే ఊపు తగ్గుతుంది. అందుకే పై అంతస్తు మోజు వద్దు. పైన పదిమంది చేరి ఫొటో కోసం ఒకే పక్కకి జరిగితే బోటు ఒరుగుతుంది. చప్పుడు తగ్గాలంటే ఇంజిను గదికి మందపాటి తొడుగు, గట్టి రబ్బరు దిమ్మలు కావాలి. ట్రయల్లో సరంగు గదిలో మామూలు గొంతుతో మాట్లాడితే పక్కవారికి వినపడాలి, అదే పరీక్ష. వేడికి మందు ఏసీ ఒక్కటే కాదు. రాత్రంతా జనరేటర్ మోగుతుంటే మడ అడవి పక్కన లంగరు వేసి ఏం లాభం? వెడల్పాటి చూరు, ఎదురెదురు కిటికీలు, సన్నటి దోమల జాలీ ముందుండాలి. పైకప్పు మీద సోలార్ పలకలు పరిస్తే ఫ్యాన్లకి, ఫ్రిజ్‌కి సరిపోతుంది.

అమ్మమ్మో తాతయ్యో ఎక్కగలరా లేదా అన్నది మరో కొలబద్ద. రేవు మెట్ల మీద నుంచి పక్క తలుపులో అడుగుపెట్టేలా ఉండాలి. సరంగు గదికీ హాలుకీ మధ్య మూడు మెట్లు మించకూడదు. వంటగ్యాస్ సిలిండరు లోపల పెట్టకండి. గాలికన్నా బరువైన ఆ గ్యాసు లీకైతే బోటు అడుగున పేరుకుంటుంది. డెక్ మీద, కిందికి రంధ్రాలున్న పెట్టెలో ఉంచాలి. మరుగుదొడ్డికి నిల్వ ట్యాంకు తప్పనిసరి. మనం తిరిగే పాయలోనే వేటాడి బతికే ఊళ్లున్నాయి.

పాత బోటు చూడబోతే

కొత్తది కట్టించే స్తోమత అందరికీ ఉండదు. పాతది కొనడంలో తప్పులేదు, తొందరపడటంలోనే ఉంది. వెళ్లగానే ఇంజిను మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేశారన్నమాట. చల్లటి ఇంజిను మీ ఎదుట స్టార్ట్ అవ్వాలి. పొగ రంగు చూడండి. ఎడతెగని నల్ల పొగ అంటే భారం ఎక్కువో, గాలి తక్కువో. నీలం అంటే ఇంజినాయిలు కాలుతోంది. తగ్గని తెల్లపొగ అంటే డీజిల్ సరిగా మండటం లేదు, లేదా లోపలికి నీరు వెళ్తోంది. రెండు ఇంజిన్ల ఆయిలూ ల్యాబుకి పంపి పరీక్ష చేయించండి. రెండిటి మధ్యా మనిషి కూర్చుని పనిచేసేంత చోటుందో లేదో దిగి చూడండి. చెయ్యి దూరని చోట ఉన్న ఫిల్టరు ఎవరూ మార్చరు.

బోటును ఒడ్డుకెక్కించి అడుగు చూడకుండా డబ్బివ్వకండి. ఫైబర్ బోటైతే బుడగలు, చీలికలు. చెక్కదైతే పురుగు తొలిచిన గుర్తులు. ఇనుముదైతే పలక మందం. ఉప్పునీటిలో తిరిగే బోటుకి లోహాన్ని కాపాడే జింకు దిమ్మలు అరిగిపోకముందే మార్చారా అని అడగండి. ఏటా నిర్వహణకి కొన్న ధరలో పదోవంతు పక్కన పెట్టుకోవాలని బోటు యజమానులు లెక్క వేస్తారు. ఆ సొమ్ము కనపడకపోతే చిన్న బోటే కొనండి.

చట్టం, వాతావరణం, ప్రాణం

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర అనుమతి లేని బోటు బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో కచ్చులూరు దగ్గర ‘రాయల్ వశిష్ట’ మునిగింది. 77 మందిలో 26 మందే బయటపడ్డారు. ధర్మాడి సత్యం బృందం ఆ బోటును వెలికితీసేసరికి ప్రమాదం జరిగి నెల దాటింది. ఈ రెండు తేదీలూ బోటు కొనే ప్రతి ఒక్కరి మనసులో ఉండాలి.

1917 నాటి పాత చట్టం స్థానంలో ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం 2021లో వచ్చింది. రిజిస్ట్రేషన్, సర్వే, బీమా, నడిపేవారికి అర్హత సర్టిఫికెట్ అన్నీ దాని కిందికే వస్తాయి. మొగ దాటి సముద్రంలోకి వెళ్తే నియమాలు మారతాయి, నది సర్టిఫికెట్ చెల్లదు. బోటు కొనకముందే ఈ తేడా తేల్చుకోవాలి. కృష్ణా అభయారణ్యం పరిధిలో తిరగాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, తీరం దగ్గర వేగం తగ్గించాలి.

వాతావరణం విషయంలో మనకి సాకు లేదు. వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ మచిలీపట్నంలోనే ఉంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ రోజూ కెరటాల ఎత్తు, గాలి అంచనాలు ఇస్తుంది. 1977 నవంబరు 19న వేలమందిని పొట్టనపెట్టుకున్న ఉప్పెన తర్వాత ఈ సీమలో నవంబరు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. డిసెంబరు రెండో పక్షం నుంచి మార్చి దాకా విహారానికి మేలైన కాలం. మిగతా నెలల్లో బోటు గట్టి రేవులో, మంచి తాళ్లతో ఉండాలి.

మన తీర్పు

దివిసీమ పాయలకి తగిన బోటు 36 నుంచి 40 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు, మూడడుగుల లోపు మునక ఉన్న ఫైబర్ బోటు. గూళ్లలో అమర్చిన రెండు పంకాలు, 80 హార్స్‌పవర్ దాటని రెండు డీజిల్ ఇంజిన్లు, వేర్వేరు ట్యాంకులు, నాలుగు వైపులా చూపు ఆనే సరంగు గది, ఒకే అంతస్తు. ఎనిమిది మంది పగటి ప్రయాణానికి, నలుగురు రాత్రి నిద్రకి. ప్రతి ఒక్కరికీ ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్, పిల్లలకి పిల్లల కొలతవి.

ప్రభుత్వానికో విన్నపం. నాగాయలంకలో, హంసలదీవిలో, గిలకలదిండిలో పోటుపాటులతో పాటు ఎక్కి దిగే తేలే జెట్టీలు కట్టండి. మొగల లోతును వరద వెళ్లిన ప్రతిసారీ కొలిచి ప్రకటించండి. మత్స్యకార యువతకి బోటు నడిపే అర్హత శిక్షణ ఇక్కడే ఇవ్వండి, ఈ నీళ్లలో పుట్టి పెరిగినవారికే ఆ ఉద్యోగాలు దక్కాలి. కొనేవారికో మాట. డబ్బు కట్టేముందు ఒక అమావాస్య పాటు వేళ ఆ బోటును నాగాయలంక కిందికి తీసుకెళ్లి నడిపించి చూడండి. అక్కడ ఇసుకకి తగలకుండా వెళ్లి తిరిగొచ్చిన బోటునే కొనండి.